వాసన వచ్చే నూనె

పోయిన నెల బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి అయిదు లీటర్ల గానుగ నూనె డబ్బా పంపాను. అందిన రాత్రే ఫోను చేసింది. "అమ్మా, నూనె పాడైపోయినట్టుంది. మూత తీయగానే వాసన వస్తోంది" అంది. ఏం వాసన అని అడిగాను. కాసేపు ఆలోచించి, "చెనక్కాయల వాసన" అంది.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. చెనక్కాయ నూనెకు చెనక్కాయల వాసన వస్తే పాడైందనుకునేలా పెరిగింది నా బిడ్డ. తప్పు దానిది కాదు. దానికి ఊహ తెలిసేనాటికే మా వంటింట్లోకి వాసన లేని నూనె వచ్చేసింది. తెచ్చింది నేనే. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన నేనే.

పొద్దున్నే లేచి నా దగ్గరున్న డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా అవ్వ చీరకొంగు వాసన వచ్చింది.

* * *

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పుస్తకాల్లో వేరుశనగ అని రాసేదాన్ని మేము చెనక్కాయ అంటాం. మా జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పడితే పడినట్టు, లేకపోతే లేదు. ఆ వానకు, ఆ ఎర్రనేలకు తట్టుకుని నిలిచే పంట కాబట్టి మా వాళ్ళు చెనక్కాయనే నమ్ముకున్నారు. నా చిన్నప్పుడు ఎక్కువగా వేసింది టీఎంవీ-2 రకం. తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చిన విత్తనం. తర్వాత మన కదిరి పరిశోధనా కేంద్రం రకాలు వచ్చాయి. చెనక్కాయ సాళ్ళ మధ్య కంది, అనుము, అలసంద వేసేవారు. గట్టు మీద గోంగూర, పక్కన ఒక మడి కొర్ర. వాన ముఖం చాటేసి చెనక్కాయ ఎండిపోయిన ఏడు కూడా ఆ కందులో, కొర్రలో ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసేవి.

గానుగకు పోవాలంటే ముందు కాయలు ఒలవాలి. మధ్యాహ్నం పనులు తీరాక చుట్టుపక్కల ఆడవాళ్ళు మా పంచలోకి వచ్చి కాయల గుట్ట చుట్టూ కూర్చునేవారు. పదిమంది ఒక్కసారిగా కాయలు చిదుపుతుంటే నిప్పుల్లో ఉప్పు వేసినట్టు చిటపటలు. మాటలు ఆగినా ఆ చప్పుడు ఆగేది కాదు. మా పిల్లల బొటనవేళ్ళు సాయంత్రానికి ఎర్రగా కమిలిపోయేవి. అప్పుడు చిన్న రాయి పట్టుకుని కొట్టేవాళ్ళం. గింజ చితికిందా, అవ్వ చేతిలో మొట్టికాయ పడేది.

ఒలిచిన గింజలన్నీ అవ్వ చాటలోకి చేరేవి. అసలు పని అక్కడ మొదలయ్యేది. పిడికెడు గింజలు తీసి అరచేతిలో పరుచుకునేది. వెలుతురు వైపు తిరిగి, చెయ్యి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేది. ముడతలు పడ్డవి ఒక పక్కకు, పుచ్చులు ఒక పక్కకు. గింజ ముక్కు దగ్గర పచ్చగా బూజు కనిపించినవీ, రంగు మారి నల్లబడ్డవీ వేరే మూకుట్లోకి. ఆ మూకుడు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "గొడ్లకు వేద్దాం అవ్వా" అంటే, "గొడ్డు నోరులేనిది, దానికి కడుపు నొస్తే ఎవరికి చెప్పుకుంటుంది?" అని పొయ్యిలో పోసేది. ఒక్క చేదు గింజ చాలు గానుగంతా చెడగొట్టడానికి అని ఆమె మాట.

అది ముసలివాళ్ళ చాదస్తం అనుకునేదాన్ని. డిగ్రీ చదివేటప్పుడు పాఠంలో ఒక విషయం వచ్చింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం వెతుకుతూ పోతే మేతలో కలిపిన వేరుశనగ చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, దగ్గర తేలింది. ఆ చెక్కలో ఒక బూజు, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, వదిలిన విషం ఉంది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. కాయ ఊరే దశలో వాన లేక నేల బెట్టపడితే, లేదా కోసిన కాయ సరిగా ఎండకపోతే ఆ బూజు పడుతుంది. బెట్ట అంటే మా జిల్లాకు కొత్తా! ఆ పాఠం చదువుతుంటే నాకు టర్కీ కోళ్ళు కనిపించలేదు, అవ్వ పక్కన పెట్టిన ఆ మూకుడు కనిపించింది.

అందుకే గానుగ నూనె మంచిదేనా అని ఎవరడిగినా, గింజలు ఎవరు ఏరారు అని తిరిగి అడుగుతాను. బూజు గింజ గానుగలో పడితే ఆ విషం కొంత నూనెలోకి దిగుతుంది, కట్టె గానుగ దాన్ని ఆపలేదు. కర్మాగారంలో నూనెను శుద్ధి చేసేటప్పుడు వాడే క్షారంతో అది చాలావరకు పోతుంది. ఈ నిజం చెప్పకుండా గానుగను పొగడడం నాకు చేతకాదు.

* * *

గానుగ ఊరి చివర వేపచెట్టు కింద ఉండేది. నడిపే ఆయనను నేను గానుగ తాత అనేదాన్ని. నేలలో పాతిన పెద్ద కట్టె రోలు, అందులో ఏటవాలుగా నిలబడ్డ రోకలి, ఆ రోకలికి కట్టిన దూలం, దూలానికి కట్టిన ఒంటెద్దు. ఎద్దు కళ్ళకు గంతలు. దూలం మీద బరువుకు రాళ్ళు పెట్టేవాడు. నేను పోయిన రోజు ఒక రాయి తీసేసి నన్ను కూర్చోబెట్టేవాడు. అంతకు మించిన సింహాసనం నాకు తెలియదు.

కిర్రు... కిర్రు... ఆ కట్టె మూలుగు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎద్దు మెడలో గంట ఒక చుట్టుకు ఒకసారి గట్టిగా మోగేది, గానుగ చుట్టూ నేల ఒకచోట కాస్త పల్లంగా ఉండేది కాబట్టి. కళ్ళు మూసుకుని గంటను బట్టి ఎన్ని చుట్లు తిరిగానో లెక్కపెట్టేదాన్ని. మొదట గింజలు పొడి అయ్యేవి. తాత వేళ్ళతో కాసిని నీళ్ళు చిలకరించేవాడు. పొడి ముద్దగా మారేది. రోలు గోడలకు అంటుకున్న ముద్దను గునపంతో కదిలించి మళ్ళీ రోకలి కిందకు తోసేవాడు. ఉన్నట్టుండి ముద్ద మెరిసేది. ఆ మెరుపు చూసి, "దిగుతోంది" అనేవాడు. ఎంతో గౌరవంగా, ఇంటికి పెద్ద మనిషి వచ్చాడని చెప్పినట్టు.

ఎద్దు నడకకు వేగం లేదు, రోకలి పెద్దగా వేడెక్కదు. పది కిలోల గింజలు ఆడిస్తే నాలుగు కిలోల పైచిలుకు నూనె వచ్చేది. మిగిలింది చెక్క. గోరువెచ్చని చెక్క ముక్క విరిచి, బెల్లం గడ్డతో కలిపి నా చేతిలో పెట్టేవాడు తాత. ఆ తీపి, ఆ జిడ్డు, మధ్యలో నాలుకకు తగిలే పొట్టు. కూలి కింద కొంత చెక్క ఉంచుకునేవాడు, మిగతాది మా గేదెకు.

ఇంటికి తెచ్చిన నూనెను వెంటనే వాడనిచ్చేది కాదు అవ్వ. ఇత్తడి తపేలాలో పోసి, పైన పలుచటి గుడ్డ కట్టి మూడు రోజులు ఎండలో పెట్టేది. మడ్డి అడుక్కు దిగాక పైతేట మెల్లగా వంచి జాడీలోకి ఎత్తేది. తపేలా వంచేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేది. జాడీ నోరు తుడిచిన చేతిని చీరకొంగుకు రాసుకునేది.

* * *

ఆ నూనె కొత్తగా వచ్చిన రోజు కూర ఉండేది కాదు. జొన్నరొట్టె పెనం మీంచి తీసి, పైన ఎర్రకారం, ఉప్పు చల్లి, పచ్చి నూనె చుట్టూ తిప్పి పోసేది. లేదంటే రాగి సంగటి, ఊరిబిండి. ఊరిబిండి మా సీమ ఇళ్ళకు తెలుసు. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు రోట్లో వేసి దంచడమే. మెత్తగా కాదు, పంటికి తగిలేలా. పొద్దున తిని చేనికి పోయినవాళ్ళు సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా ఆకలి అనేవారు కాదు.

కొర్రలు అప్పటికప్పుడు దంచేవారు. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు మార్చి మార్చి వేస్తుంటే ఒక్క దెబ్బ తప్పేది కాదు. పొట్టు చెరిగేసినా గింజ మీద సన్నటి తవుడు పొర మిగిలేది. ఇప్పుడు దుకాణంలో తెల్లగా మెరిసే కొర్రలు చూసినప్పుడల్లా ఆ పొర ఎక్కడ పోయిందా అనిపిస్తుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందని పేపర్లో చదివిన రోజు అవ్వ ఉండి ఉంటే బాగుండేదనుకున్నాను. కొర్రన్నం పేదవాళ్ళ తిండి అని మా ఇంటికి వచ్చిన ఒక చుట్టం ముఖం చిట్లిస్తే ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

* * *

అప్పట్లో అన్నీ స్వచ్ఛమే, అన్నీ సేంద్రియమే అని నా వయసువాళ్ళు మాట్లాడుతుంటే నేను ఒప్పుకోలేను. నా కళ్ళతో చూసింది వేరు.

తొలకరి వాన పడ్డాక ఎర్ర గొంగళి పురుగు వచ్చేది. ముందు నేలలోంచి రెక్కల పురుగులు లేచేవి. అవి గుడ్లు పెడితే ఇక చేనుకు చేను ఆకు మిగలదు. ఒంటినిండా ఎర్రటి నూగుతో దండులాగా ఒక చేనిలోంచి ఇంకో చేనికి నడిచేవి. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఊరంతా కలిసి రాత్రిపూట గట్ల మీద మంటలు వేసేవారు. కంపలు, చెత్త, పాత చాపలు. చీకట్లో ఎక్కడ చూసినా మంటలే, రెక్కల పురుగులు వచ్చి వాటిలో రాలేవి. చేను చుట్టూ చాళ్ళు తవ్వి, పడ్డ గొంగళ్ళను పూడ్చేసేవారు. ఒక్కరు చేస్తే ఫలితం ఉండదు, ఊరంతా చెయ్యాలి.

తర్వాత బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి వచ్చింది. మా తాత దాన్ని పలుచటి గుడ్డ సంచిలో పోసి, సాళ్ళ వెంట నడుస్తూ మొక్కల మీద తట్టేవాడు. ముక్కుకు గుడ్డ లేదు, చేతులకు తొడుగు లేదు. మధ్యాహ్నం నేను సద్ది తీసుకుపోతే చేతులు పంచెకు తుడుచుకుని సంగటి తినేవాడు. కనుబొమల మీద తెల్లటి పొడి. "ఊరంతా మంటలు వేయడం కంటే ఇది సులువమ్మా" అన్నాడు. అది నిజమే, సులువే. ఆ మందును మన దేశంలో 1997లో నిషేధించారు. అప్పటికి తాత లేడు. చివరి రోజుల్లో విడవకుండా దగ్గేవాడు. దానికీ దీనికీ ముడిపెట్టడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ తెల్లటి కనుబొమలు నన్ను వదలలేదు.

అంటే, అవ్వ అంత శ్రద్ధగా ఏరి, ఎద్దుతో ఆడించి, ఎండలో తేర్చిన ఆ నూనె నేటి లెక్కలో సేంద్రియం కాదు. పంట ఎలా పండింది అనేది ఒక ప్రశ్న. పండిన తర్వాత దాన్ని ఏం చేశారు అనేది ఇంకో ప్రశ్న. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి మాట్లాడతాం కాబట్టే మనల్ని మోసం చేయడం తేలిక.

* * *

నాకు ఉద్యోగం వచ్చి అనంతపురం పాతూరులో కాపురం పెట్టేనాటికి గానుగ ఆగిపోయింది. ఎద్దు ముసలిదైంది, గానుగ తాత కొడుకులు పనికోసం వేరే ఊళ్ళకు వెళ్ళారు. 1994లో పామోలిన్ అనే పామ్ నూనె దిగుమతికి దారి తెరిచారు. మలేషియా నూనె మా చెనక్కాయ నూనె కంటే చవకగా మా వీధి దుకాణానికే వచ్చింది. దేశంలో అందరికంటే ఎక్కువ నేలలో చెనక్కాయ వేసిన జిల్లాలో కూర్చుని మేము బయటి నూనె కొనుక్కున్నాం.

అదే రోజుల్లో నాయనకు గుండెనొప్పి వచ్చింది. చూసిన డాక్టరు చెనక్కాయ నూనె మానేయమన్నారు. టీవీలో కొలెస్ట్రాల్ లేని నూనె అని ప్రకటనలు. ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదని నాకు తెలుసు, పాఠంలో నేనే చెప్పేదాన్ని. అయినా భయపడ్డాను. నాయన మంచం పక్కన కూర్చున్న మనిషికి పాఠాలు గుర్తుకు రావు. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు తెచ్చి పెట్టాను.

అవ్వ అప్పటికి మా దగ్గరే ఉండేది. కళ్ళు సరిగా ఆనేవి కావు. గుత్తివంకాయ చేయబోతూ ప్యాకెట్ కొస కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. వేలికి రాసుకుని నాలుకకు అద్దుకుంది. "ఇది నూనె కాదే అమ్మా, నీళ్ళకు జిడ్డు పట్టింది" అని పక్కన పెట్టింది. కళ్ళు కనిపించని మనిషికి ఇంట్లో దేన్నయినా గుర్తుపట్టడానికి వాసనే ఆధారం. ఆ ఆధారం నేనే తీసేశానని అప్పుడు తోచలేదు.

ఆ వాసన ఎలా పోతుందో నేను తరగతిలో చెప్పేదాన్ని. నూనె తీసిన చెక్కలో మిగిలిన దాన్ని హెక్సేన్ అనే ద్రావకంతో లాగుతారు. తర్వాత జిగురు తీస్తారు, కాస్టిక్ సోడాతో ఆమ్లాలు తీస్తారు, ఒక రకం మట్టితో రంగు తీస్తారు. చివర గాలి తీసేసిన పాత్రలో 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పంపి వాసన తీస్తారు. ఎక్కువకాలం నిలవ ఉంటుంది, ఎప్పుడు కొన్నా ఒకేలా ఉంటుంది. ఏ గింజదో, ఏ నేలదో చెప్పే గుర్తు మాత్రం ఒక్కటీ మిగలదు.

* * *

ఉద్యోగం చివరి ఏళ్ళలో ఒక పని చేశాను. పిల్లలు విరామంలో తినే చిరుతిళ్ళ ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా తెమ్మన్నాను. తొమ్మిదో తరగతి నేల మీద పరిచాం. వెనకవైపు సన్నటి అక్షరాలు చదవమన్నాను. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలి, అది నియమం. చాలా ప్యాకెట్ల మీద మొదటి రెండు మూడు మాటల్లోనే పామోలిన్ ఉంది. తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, 627, 631 అంకెలు. ఈ అంకెలేమిటి టీచర్ అని అడిగారు. రుచిని పెంచేవి అని చెప్పాను.

వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ళ అమ్మ కూలికి పోతుంది. సంచిలోంచి కాగితం పొట్లం తీసి, "టీచర్, దీని మీద ఏమీ రాయలేదు" అంది. లోపల చెనక్కాయ ఉండ. "అయితే నువ్వే రాయి" అన్నాను. బోర్డు దగ్గరకు వచ్చి పెద్ద అక్షరాలతో రాసింది: చెనక్కాయలు, బెల్లం. ఇంకేమైనా ఉందా అని అడిగితే కాసేపు ఆలోచించి, మూడోదిగా "మా అమ్మ" అని రాసింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు.

బడి మధ్యాహ్న భోజనంలోకి 2020లో చిక్కీ వచ్చినప్పుడు, 2023లో రాగి జావ వచ్చినప్పుడు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

* * *

మా తమ్ముడి కొడుకు ఇప్పుడు ఊళ్ళో సేద్యం చేస్తున్నాడు. పడమటి చేనులో నాలుగేళ్ళుగా మందు వెయ్యలేదు. పది కిలోల ఆవుపేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్ళలో కలిపి రెండు రోజులు ఉంచితే ఎకరం నేలకు పోసేంత జీవామృతం. మళ్ళీ సాళ్ళ మధ్య కంది, అనుము, అలసంద వేస్తున్నాడు. సేంద్రియ ధ్రువీకరణ పత్రం సంగతి అడిగాను. వార్షిక పంటలకు రెండేళ్ళ మార్పిడి కాలం, పరీక్షలు, రాతపనులు. "అత్తా, మొదటి ఏడు దిగుబడి తగ్గింది, నిద్ర పట్టలేదు" అన్నాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకే వాడి మీద నమ్మకం పెరిగింది. చెన్నేకొత్తపల్లి దగ్గర తింబక్తు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు 1990 నుంచి అక్కడి బంజరు మీద, రైతులతో కలిసి ఓపిక పట్టి పనిచేస్తున్నారు. నేల మారాలంటే అంత ఓపిక కావాలి.

పోయిన దసరాకు మనవడి చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ చూశాను. ముందువైపు ఆకుపచ్చ రంగులో సేంద్రియం అని పెద్దగా. వెనక చూస్తే సేంద్రియ మైదా, సేంద్రియ చక్కెర, సేంద్రియ పామ్ నూనె. ఆ పొలంలో మందు కొట్టి ఉండకపోవచ్చు, అది మంచిదే, ఆ రైతు ఊపిరితిత్తులకు మంచిది. బిడ్డ కడుపులోకి పోయేది మాత్రం మైదా, చక్కెర, నూనె.

వాడి చేతిలోంచి లాక్కోలేదు. ఊరిబిండి దంచి, వేడి రొట్టెలో చుట్టి ఇచ్చాను. కారమని కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటూనే ఇంకోటి అడిగాడు.

* * *

ఈమధ్య తమ్ముడి కొడుకు పడమటి చేను కాయలు రెండు బస్తాలు పంపాడు. పట్నంలో ఇప్పుడు కరెంటుతో నడిచే కట్టె గానుగలు ఉన్నాయి. ఆడించే ముందు నాలుగు రోజులు పంచలో కూర్చుని ఒలిచి, ఏరాను. కళ్ళద్దాలు పెట్టుకున్నా వెలుతురు చాలక, చెయ్యి గడప దాకా చాపి చూడాల్సి వచ్చింది. బూజు గింజలు దోసెడు వచ్చాయి. గ్యాసు పొయ్యి కాబట్టి పెరట్లో ఆకులు పోగేసి కాల్చాను. నూనె మూడు రోజుల నుంచి డాబా మీద ఎండలో తేరుతోంది. రేపు వంచుతాను.

అమ్మాయికి పంపే డబ్బా మీద అంటించడానికి కాగితం ముక్క రాసి పెట్టుకున్నాను.

చెనక్కాయలు, పడమటి చేనువి. ఏరింది అమ్మ. వాసన వస్తుంది.